రాయచూరు మట్టి ఎద్దులు

జ్యేష్ఠ బహుళ అమావాస్యను రాయచూరు జిల్లాలో కన్నడిగులు మణ్ణెత్తిన అమావాస్యె అంటారు. అక్కడి తెలుగువాళ్ళకు అది మట్టి ఎద్దుల అమావాస్య. ఆ రోజు పచ్చిమట్టితో చేసిన ఎద్దుల జతను ఇంట్లో నిలిపి, పసుపు కుంకుమలు పెట్టి, నైవేద్యం చూపుతారు. దీనికి గుడి అక్కర్లేదు, పూజారి అక్కర్లేదు. పదిహేను రోజుల ముందు వచ్చే కారహుణ్ణిమె, అంటే మన ఏరువాక పున్నమి, కొట్టంలోని ఎద్దులది. అమావాస్య మట్టి ఎద్దులది. ఉత్తర కర్ణాటకలో మట్టిని దేవుడిగా మలిచి కొలిచే పండుగలు ఐదని చెప్పుకుంటారు: మణ్ణెత్తు, గుళ్ళవ్వ, నాగప్ప, గణపతి, జోకుమారుడు. ఆ వరుసలో మొదట వచ్చేది ఎద్దే.

పండుగ దగ్గరపడేసరికి బజారులో కుమ్మరులు గోనెపట్టాలు పరిచి కూర్చుంటారు. ఈ పనికి సారె వాడరు, ఆవం పెట్టరు. చెరువు బంకమట్టిని కాళ్ళతో తొక్కి, రాళ్ళు ఏరి, ముద్ద చేసి తడిగుడ్డ కప్పి ఉంచుతారు. అరచేతిలో ముద్దను దొర్లిస్తే ఒళ్ళు వస్తుంది. కింద నాలుగుచోట్ల గిల్లి లాగితే కాళ్ళు వస్తాయి. మెడ వెనక మట్టిని బొటనవేలితో పైకి నొక్కితే మూపురం లేస్తుంది. కొమ్ములు చివర్న పెడతారు, ముందే పెడితే చేయి తగిలి విరుగుతాయి. చేయి తిరిగిన మనిషి పక్కవాళ్ళతో మాట్లాడుతూనే, బొమ్మ వైపు చూడకుండానే మూపురం తీస్తాడు. చూడాల్సింది ఆ బొటనవేలినే. ఒక్క నొక్కుతో అది దున్నపోతు కాదు, ఆవు కాదు, ఎద్దేనని తేలిపోతుంది. జత పక్కన చిన్న మట్టి గాడి కూడా ఇస్తారు. వెనకటి రోజుల్లో కుమ్మరి ఇంటింటికీ బొమ్మలు ఇచ్చి జొన్నలు కొలిపించుకునేవాడు. ఇప్పుడు రొక్కమే.

కొనేవాళ్ళలో కొట్టం ఖాళీ అయినవాళ్ళూ ఉన్నారు. నిజం ఎద్దులు అమ్మేశాం, మట్టివైనా లేకపోతే ఎలాగని ఒక ముసలాయన జతను తువ్వాలులో చుట్టుకుంటూ అన్న మాటను పూజల ముచ్చటగా తీసుకుని వదిలేయకూడదు.

ఈ నేలకు ఎద్దుతో ఉన్న బంధం చాలా పాతది. లింగసుగూరు తాలూకాలో ముదుగల్లుకు దగ్గరగా ఉన్న పిక్లిహాళ్ గుట్టల్లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1952లో తవ్వకాలు జరిపారు. అప్పుడు రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. అక్కడి బండల మీద కొత్తరాతియుగం మనుషులు మూపురాల పశువులను గీశారు, రాతితో కొట్టి చెక్కారు. పాలమూరు వైపు ఉట్నూరులో ఆయనే తవ్విన బూడిద దిబ్బలో పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. ఆ దిబ్బలు మందల దొడ్లలో పేరుకున్న పేడను కాల్చగా మిగిలినవి. ఆ మంటలు ఏటేటా ఋతువు మారే వేళ జరిపిన క్రతువులై ఉంటాయని 1963లో వచ్చిన తన పుస్తకంలో ఆయన వాదించారు.

కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న నల్లరేగడి వానకు తడిసిందంటే మామూలు ఎద్దు లాగలేదు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో కృష్ణ ఎగువ సంస్థానాధీశులు, పెద్ద రైతులు ఇలాంటి భూముల కోసమే ఒక జాతిని తయారు చేయించారు. గిర్, కాంక్రేజ్, మన ఒంగోలు, స్థానిక మైసూరు పశువులను కలిపితే వచ్చిన ఆ జాతి పేరు కృష్ణా లోయ. భారీ ఒళ్ళు, వేలాడే గంగడోలు, నెమ్మది నడక. గిట్టలు మెత్తన. రేగడిలో దాని బలానికి సాటి లేదు కానీ రాళ్ళబాట దానికి పడదు. ఇప్పుడీ జాతి అంతరించే దారిలో ఉంది.

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయింది. కాలువ నీళ్ళు వచ్చాక సింధనూరు, మాన్వి వైపు జొన్నచేలు వరిమళ్ళయ్యాయి. కోస్తా నుంచి వచ్చిన తెలుగు రైతులు క్యాంపులు వేసి ఆ మళ్ళను బంగారం చేశారు. వాళ్ళ కష్టాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయితే ఆ బంగారం వెనకే ట్రాక్టరు వచ్చింది, కోత మిషను వచ్చింది, జొన్నచొప్ప పోయింది. చొప్ప లేనిచోట రెండు పెద్ద ఎద్దులను ఏడాది పొడవునా మేపడం ఏ చిన్నరైతు వల్లా కాదు. దేశం మొత్తం మీద చూసినా 2012, 2019 పశుగణనల మధ్య దేశీ పశువులు 6 శాతం తగ్గాయి, విదేశీ, సంకర జాతులు దాదాపు 27 శాతం పెరిగాయి.

రాయచూరులో ఎద్దుకు గౌరవం మాత్రం తగ్గలేదు. కారహుణ్ణిమెకు మున్నూరు కాపు సమాజం జరిపే ముంగారు సంబరాల్లో బండలాగుడు పోటీలకు జనం విరగబడతారు. ఆంధ్ర, తెలంగాణల నుంచి కూడా జతలు వస్తాయి. కానీ పోటీ కోడెలది, మట్టి జతా ఎద్దులదే. ఆ ఎద్దును కనే ఆవు ఈ రెండింటిలోనూ లేదు. జాతి పోతున్నది సరిగ్గా అక్కడే. కృష్ణా లోయ ఆవును దుక్కిటెద్దుల కోసం పెంచారు, పాడి కోసం కాదు. ఎద్దు అక్కర్లేదనుకున్న ఇంట్లో ఆ ఆవుకూ చోటు పోయింది, ఉన్న కాసిని ఆవులకూ సంకర జాతి సూదే వేయిస్తున్నారు.

బ్రిటన్‌లో కొందరు కళాకారులు 2011 నుంచి ఏటా నవంబరు 30న అంతరించిన జీవుల స్మరణ దినం పాటిస్తున్నారు. పోయినవాటి కోసం ఊరేగింపులు తీస్తారు, దీపాలు పెడతారు. రాయచూరుకు ఇంకా ఆ అవసరం రాలేదు. పైగా జాతిని నిలబెట్టే ఆచారం ఒకటి ఈ సీమలో ముందునుంచీ ఉంది. మంచి కోడెదూడను ఎంచి, దేవుడి పేరు మీద బసవణ్ణగా వదిలేవారు. అది ఎవరి చేలో మేసినా కొట్టేవాళ్ళు కాదు. ఊరి ఆవులన్నిటికీ అదే ఆబోతు. మొక్కు పేరుతో ఊరు చేసుకున్న విత్తన రక్షణ అది.

మట్టి ఎద్దులకు పూజ చేసే ఊళ్ళు ఆ మొక్కును మళ్ళీ ఎత్తుకోవాలి. పది ఊళ్ళు కలిసి ఒక కృష్ణా లోయ కోడెను వదలవచ్చు, దాని మేతకు రెండెకరాలు జొన్న వేయవచ్చు. బండలాగుడు పందేలకు డబ్బిచ్చే పెద్దలు వచ్చే కారహుణ్ణిమెకు ఒక బహుమతిని ఈ జాతి ఆవుకు, దాని దూడకు కేటాయించాలి.