ఏడవ గుండీ

రాజుల చరిత్రకు శాసనాలు సాక్ష్యం పలుకుతాయి. సామాన్యుల చరిత్రకు పగిలిన కుండపెంకు, అరిగిన పైస, ఊడిపోయిన గుండీ మాత్రమే మిగులుతాయి. వాటిమీద అక్షరాలు ఉండవు గనుక చదవడానికి కొంత ఓపిక, కొంత వివేచన కావలసి ఉంటుంది. అటువంటి ఒక చిన్న వస్తువును చదవవలసిన అవసరం ఇటీవల మా కుటుంబానికి కలిగింది.

మా పెద్దల ఇంటిని వాటాలు వేసుకొనే సందర్భంలో నడవలోని షాబాదు బండలు పెకలించవలసి వచ్చింది. బండల అడుగున మట్టి తవ్వుతున్న కూలీ ఒకామె రూపాయి బిళ్ళకంటె చిన్నదైన గుండ్రని వస్తువును తెచ్చి మా చేతిలో పెట్టి, "మీ ఇంటి సొమ్మేమో సారూ, సూడుండ్రి" అన్నది. ముఖం కొద్దిగా ఉబ్బి ఉంది. వెనుక చిన్న కొండి. మట్టిపొర కింద అక్కడక్కడ తెల్లని బూజువంటి మచ్చలు. మా చాచా చూచి, నిజాం ఫౌజువారి గుండీ అన్నారు. మరొకరు ఇనుపముక్క అన్నారు.

వస్తువును గుర్తించడమంటే ముందుగా అది ఏది కాదో తేల్చుకోవడం. అయస్కాంతానికి అంటుకోలేదు, కనుక ఇనుము కాదు. ఇత్తడి భూమిలో ఉంటే పచ్చని చిలుము పడుతుంది. దీనికి ఆ పచ్చదనం లేదు. సైనికుల గుండీలు సాధారణంగా ఇత్తడి రేకుపై అచ్చు గుద్ది చేసినవి. వాటి ముఖాన దళపు చిహ్నమో సంఖ్యయో, వెనుక తరచుగా తయారీదారు పేరో ఉంటాయి. బ్రిటిషు పదాతిదళాల గుండీలపై దళసంఖ్య వేసే పద్ధతి 1767 నాటిది. మా గుండీపై అక్షరం లేదు, అంకె లేదు. మెత్తని బ్రష్షుతో పొడిమట్టిని తుడువగా నల్లని లోహంలో అయిదు రేకుల పువ్వు, దాని చుట్టూ సన్నని లత కనిపించాయి. ఆ గీతలు పైన పూసినవి కావు. చెక్కిన గాడిలో దిగగొట్టిన వెండితీగలు. ఒకచోట తీగ ఊడిపోయి ఖాళీ గాడి మిగిలింది. ఆ గాడియే మా సందేహం తీర్చింది. అది బిద్రీ పనితనం.

1956లో మైసూరు రాష్ట్రంలో చేరేవరకు బీదరు హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లాయే. అక్కడి పనివారు సుమారు 16 పాళ్ళ జింకుకు ఒక పాలు రాగి కలిపి పోతపోస్తారు. పోతను నునుపు చేసి, మైలుతుత్తపు నీటితో తాత్కాలికంగా నలుపెక్కించి, దానిపై నమూనా గీచి, ఉలితో గాడులు తీసి, వెండిని సుత్తితో దిగగొడతారు. తీగను దిగగొట్టిన పనిని తార్‌కషీ అంటారు. చివరకు బీదరు కోటలోని మట్టిని నవాసారంతో కలిపి, వేడిచేసిన వస్తువుకు రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉండిపోతుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలోని బిద్రీ హుక్కాలను చూచినవారికి ఈ సొగసు పరిచితమే. చింతపండుతో తోమివుంటే మా గుండీ ఆ నలుపును కోల్పోయేది.

ఈ విద్య నేటికీ సజీవం. 2023లో బీదరు కళాకారులు షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి పద్మశ్రీ లభించింది. కనుక పనితనాన్నిబట్టి మాత్రమే కాలనిర్ణయం చేయరాదు. ఆ పని బండలు చేసిపెట్టాయి. మా దాదీ ఈ ఇంటికి కోడలిగా వచ్చింది 1959లో. ఆ పెళ్ళికోసమే మట్టినేల మీద షాబాదు బండలు పరిపించారట. వాటి కింద దొరికినది అంతకు ముందు పడిపోయినదే కావాలి.

గుండీని చేతిలోకి తీసుకొన్న దాదీ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తన అత్తగారి నోట విన్నది చెప్పారు. ఆమె మామగారు తాలూకా కచేరీలో గుమాస్తా. 1948 సెప్టెంబరులో సైనికచర్య జరిగి సంస్థానం భారత యూనియనులో కలిసిన తరువాత ఆయన ఉద్యోగం పోయింది. ఇంటిలోని విలువైన వస్తువులు ఒక్కొక్కటిగా అమ్ముడుపోయాయి. షేర్వానీకి పెట్టుకొనే నల్లని వెండిపూల గుండీల వంతు వచ్చినపుడు లెక్కకు ఏడు ఉండవలసినవి ఆరే ఉన్నాయి. అనుమానం ఇంట్లో పనిచేసే యువకుని మీదికి పోయింది. దొంగ అని పంపివేశారు. తరువాత ఆ మొహల్లాలో అతనికి ఎవరూ పని ఇవ్వలేదట.

చాచా న్యాయవాదివలె ఆక్షేపించారు. ఇది ఆ గుండీయే అనడానికి రుజువేమిటి? మిగిలిన ఆరూ లేవు గదా, పోల్చడం ఎట్లా? ఆ మాట నిజమే. మా చేతిలో ఉన్నవి మూడే ఆధారాలు: అదే రకపు పని, అదే ఇల్లు, 1959కి పూర్వపు మట్టి. న్యాయస్థానానికి ఇవి చాలకపోవచ్చు. కాని ఒకరిమీద నేరం మోపడానికి కావలసిన సాక్ష్యం వేరు. మోపిన నేరాన్ని వెనుకకు తీసుకోవడానికి కావలసిన సాక్ష్యం వేరు. మొదటిదానికి నిస్సంశయం కావాలి. రెండవదానికి న్యాయమైన సంశయం చాలు. ఆనాడు మా పెద్దలు ఈ రెండింటినీ తారుమారు చేశారు.

దాదీ పట్టుబట్టగా ఊరి చివర ఉన్న ఆ ఇంటిని వెదకుకొంటూ వెళ్ళాము. ఆ పనిమనిషి గతించి చాలాకాలమయింది. డెబ్బయి దాటిన కుమారుడు అరుగుమీద కూర్చుండి అంతా విన్నాడు. గుండీని అటూ ఇటూ తిప్పి చూచి, "మా నాయిన సచ్చేదాంక మీ గల్లీకెల్లి నడ్వలే అమ్మా" అన్నాడు. "తప్పు మాదే తమ్మీ" అన్నారు దాదీ. గుండీ అతనికి ఇవ్వబోతే తీసుకోలేదు. చాయ్ తాగి పొమ్మన్నాడు. తాగి వచ్చాము. క్షమించాడో లేదో అడగలేదు. అడిగే హక్కు మాకు లేదు.

విద్యార్థి మిత్రులారా, మీ ఇళ్ళ పునాదులు తవ్వునపుడు ఏదైనా దొరికితే కడగడానికి, తూచడానికి తొందరపడకండి. ఏ బండ కింద, ఎంత లోతున దొరికినదో ముందుగా కాగితంమీద వ్రాసుకోండి. వస్తువు తానెవరో చెప్పగలదు. తానెప్పటిదో చెప్పవలసినది దాని మీది మట్టి. ఆ మట్టిని పారవేస్తే, దానితోపాటు ఏ నిరపరాధి పక్షాన నిలువగల సాక్ష్యం పోతుందో మనకు తెలియదు.