మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా... మన ఓటు బరువెంత?

శామీర్‌పేట అనగానే మనకేం గుర్తొస్తుంది? ఆదివారం, బైక్, చెరువు దగ్గర సెల్ఫీ, దారిలో దాబా. ఈసారి మాత్రం నేను మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఇంకో లెక్క కోసం తిరిగాను. ఈ రెండు ఊళ్లూ మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలోవి. దేశంలో అందరికన్నా ఎక్కువ మంది ఓటర్లున్న స్థానం ఇదే. 2024లో వాళ్లు 37 లక్షల పైమాటే. అందరికీ కలిపి ఎంపీ ఒక్కరే!

పొద్దున్నే మేడ్చల్‌లో నిలబడితే షిఫ్టుకు పోయేవాళ్లే కనిపిస్తారు. చేతిలో టిఫిన్ డబ్బా, మెడలో ఐడీ కార్డు. ఒకరిది హిందీ, ఒకరిది ఒడియా, ఒకరిది పాలమూరు యాస. టీ కొట్టు దగ్గర ప్యాకింగ్ పనిచేసే ఒక అక్కను అడిగాను, "ఓటు ఇక్కడేనా అక్కా?" అని.

"ఏడిది తమ్మీ! మా ఊర్లనే ఉంది. ఈడికొచ్చి తొమ్మిదేండ్లాయె. ఓటేయనీకి పోతే రానుపోను చార్జీలు, రెండు రోజుల కూలి పాయె. పోయినసారి పోనే లేదు."

నిజానికి పోలింగ్ రోజు ఓటరుకు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. రోజు కూలీలకు కూడా ఆ హక్కు ఉంది. కానీ ఆ సంగతి ఆ అక్కకు ఎవరూ చెప్పలేదు.

ఓటు కోసం కూలోళ్లు కొట్లాడిన కథ ఒకటుంది. బ్రిటన్‌లో 1832లో ఎన్నికల చట్టం మార్చినా, ఆస్తి లేని కార్మికులకు ఓటు రాలేదు. దాంతో 1838లో చేనేత కార్మికులు, వడ్రంగులు, గని కార్మికులు 'ప్రజల చార్టర్' పేరుతో ఆరు డిమాండ్లు పెట్టారు. 21 ఏళ్లు నిండిన ప్రతి మగవాడికీ ఓటు, రహస్య బ్యాలెట్, ఎంపీ కావడానికి ఆస్తి ఉండాలన్న షరతు రద్దు, ఎంపీలకు జీతం, సమానమైన నియోజకవర్గాలు, ఏటా ఎన్నికలు. వాళ్లనే చార్టిస్టులు అంటారు. ఆడవాళ్లు ఆ ఉద్యమంలో నడిచినా, డిమాండ్లలో వాళ్ల ఓటు లేదు.

1842లో వాళ్లు 33 లక్షల సంతకాలతో పార్లమెంటుకు అర్జీ ఇచ్చారు. ఇవాళ ఒక్క మల్కాజిగిరి ఓటర్లే అంతకన్నా ఎక్కువ! పార్లమెంటు దాన్ని తోసిపుచ్చింది. అంతకుముందు 1839లో న్యూపోర్ట్‌లో సైనికుల కాల్పులకు 20 మందికి పైగా చనిపోయారు. కానీ తర్వాత్తర్వాత ఏటా ఎన్నికలు తప్ప మిగతావన్నీ ఒక్కొక్కటిగా చట్టాలయ్యాయి. రహస్య బ్యాలెట్ 1872లో వస్తే, ఎంపీలకు జీతం రావడానికి 1911 దాకా పట్టింది.

మన దగ్గర? నిజాం రాజ్యంలో దొరల గడీల్లో వెట్టి చేసినవాళ్లు 1952కల్లా ఓటర్లయ్యారు. ఆస్తి అడగలేదు, చదువు అడగలేదు, ఆడా మగా తేడా చూడలేదు. ఆ ఎన్నికల్లోనే తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు.

అన్నీ వచ్చాయి కానీ, 'సమానమైన నియోజకవర్గాలు' అన్న దగ్గరే చిక్కు. మన నియోజకవర్గాల హద్దులు 2001 జనాభా లెక్కలతో 2008లో గీసినవి. ఆ తర్వాత ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, కంపెనీలు వచ్చాయి, వాటి వెంట జనం వచ్చారు. 2023 అసెంబ్లీ ఎన్నికల నాటికి మేడ్చల్‌లో ఓటర్లు ఆరు లక్షలు దాటారు. భద్రాచలంలో దాదాపు లక్షన్నర. అంటే అక్కడి ఒక ఓటు ఇక్కడి నాలుగు ఓట్లతో సమానం. అడవుల్లో దూరదూరంగా ఉన్న గిరిజన గూడేలకు చిన్న నియోజకవర్గం ఉండటం న్యాయమే. జనాభాను అదుపు చేసిన దక్షిణాది రాష్ట్రాలకు సీట్లు తగ్గుతాయన్న భయమూ నిజమే. కాబట్టి ఇది ఒక్క గీతతో తేలే లెక్క కాదు.

శామీర్‌పేట వైపు వస్తే ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. ఒకవైపు టీకాలు తయారుచేసే జీనోమ్ వ్యాలీ, ఇంకోవైపు న్యాయం చదువు చెప్పే నల్సార్, దగ్గర్లోనే అంతాయిపల్లిలో జిల్లా కలెక్టరేట్. వీటి మధ్యే ఇరుకు గదుల్లో అద్దెకుండే కార్మికులు. వాళ్లకు కావాల్సిన నీళ్లు, బస్సు, వీధి దీపం ఇక్కడివి. ఓటు మాత్రం ఊళ్లో. ఓటు లేని మనిషి దగ్గరికి ఏ లీడరు వస్తాడు?

హద్దులు మార్చడం మన చేతిలో లేదు. ఓటు ఎక్కడుండాలో తేల్చుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఇల్లు మారితే ఫారం 8, కొత్తగా నమోదుకు ఫారం 6. 17 నిండినవాళ్లు ముందే అప్లై చేసుకోవచ్చు. రెండూ ఫోన్‌లోనే నింపొచ్చు. ఈసారి శామీర్‌పేట వెళ్తే సెల్ఫీ దిగండి. టీ కొట్టు దగ్గర ఒక అన్ననో అక్కనో పలకరించి, ఆ ఫారం నింపడానికి సాయం కూడా చేయండి. చార్టిస్టులకు పదేళ్లు కొట్లాడినా దొరకని హక్కు అది.