తోడులేని ఫిడేలు

జర్మనీ దేశపు తూర్పు భాగములో, హాలె పట్టణమునుండి ఉత్తరముగా రైలులో అరగంట ప్రయాణము చేస్తే కోథెన్ అనే ఊరు వస్తుంది. దారి పొడుగునా చదునైన నల్లనేల. గోధుమ, చక్కెర దుంప పంటలు. మన రైతు ఎవరైనా ఆ రైలులో కిటికీ పక్కన కూర్చుంటే ముందుగా ఆ మట్టినే చూస్తాడు. అక్కడి ఒక సంఘము వారి ఆహ్వానము మీద ఒక వేసవిలో మూడు వారములు ఆ పరిసరములలో గడిపే అవకాశము ప్రభువు నాకు దయచేశాడు. నేను చూచినవాటిలో, వినినవాటిలో మన కుటుంబములకు ఉపయోగపడే సంగతి ఒకటి ఉంది. అది ఫిడేలును గూర్చినది.

వేసవి సాయంకాలములు

అక్కడి వేసవి మన వేసవివంటిది కాదు. జూన్ నెలలో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. గాలి హాయిగా ఉంటుంది. రాతితో కట్టిన పాత దేవాలయములు చలికాలములో గడ్డకట్టినట్లు ఉంటాయి. వాటిని వెచ్చజేయడానికి అయ్యే ఖర్చు చిన్న సంఘములు భరించలేవు. అందుచేత అనేక ఊళ్లలో వేసవి నెలలలో తలుపులు తెరచి, వారమునకు ఒక సాయంకాలము సంగీత కచేరీ పెడతారు. చాలా చోట్ల టికెట్టు ఉండదు. వెళ్లేటప్పుడు గుమ్మము దగ్గరి బుట్టలో ఎవరికి తోచినది వారు వేస్తారు. ఆ సొమ్ము పైకప్పు మరమ్మతుకో, ఆర్గను బాగుచేయడానికో పోతుంది.

నేను బస చేసిన పల్లెలో ఆ యేటి కచేరీలన్నీ ఒకే తరహావి. ఒక మనిషి, ఒక ఫిడేలు. పక్కవాద్యము లేదు. వాయించినదంతా బరోక్ సంగీతము, అనగా సుమారు 1600 నుండి 1750 వరకు ఐరోపాలో సాగిన పద్ధతి. అటువంటి సాయంకాలములు మూడింటికి నేను వెళ్లాను.

ఆ ఊరిలో దేవాలయము పెద్దది, సంఘము చిన్నది. ఆ ప్రాంతములో పదిమందిలో ఇద్దరు కూడా ఏ సంఘములోనూ సభ్యులు కారు. నాకు ఆతిథ్యమిచ్చిన పాదిరిగారు ఏడు పల్లెలను ఒక్కరే చూచుకుంటారు. ఆదివారము ఆరాధనకు పదిమంది వస్తే ఆయనకు సంతోషము. ఆర్గను చెడిపోయి ఏండ్లయింది. కీర్తన ఎత్తుకోవలసినది ముందు వరుసలో కూర్చునే ఒక వృద్ధురాలు. ఆమె ఎత్తుకుంటే పాట ఉంటుంది, లేకుంటే లేదు.

కోథెన్ రాజగృహములో

ఈ ఒంటరి ఫిడేలు సంగీతములో మిక్కిలి పేరు పొందినది కోథెన్‌లో ఉన్న ఒక మనిషి చేతితో వ్రాసినదే. ఆయన యోహాన్ సెబాస్టియన్ బాఖ్. 1685లో ఐసెనాఖ్‌లో పుట్టాడు. తండ్రి ఆ ఊరి వాద్యగాడు. పదేండ్లు నిండేసరికి తల్లి, తండ్రి ఇద్దరూ లేరు. 1717లో, ముప్పది రెండేండ్ల వయస్సులో, కోథెన్ ప్రభువైన లియోపోల్డ్ కొలువులో సంగీత నిర్వాహకుడుగా చేరాడు. ఆ యువ ప్రభువు తానే ఫిడేలు వాయించేవాడు.

అయితే ఆ కొలువు కాల్విన్ గారి బోధను అనుసరించేది. ఆరాధనలో నిరాడంబరమైన కీర్తనలే తప్ప పెద్ద వాద్యసంగీతమునకు చోటు లేదు. బాఖ్ మాత్రము లూథరన్. ఆయన కుటుంబము ఆరాధనకు వెళ్లినది ప్రభువుగారి తల్లి ఆదరణతో వెలసిన లూథరన్ దేవాలయమునకు. ఒకే ఊరు, ఒకే కోట, రెండు సంఘములు. మన పల్లెలకు ఇది కొత్త సంగతి కాదు గదా! ఇలాగున దేవాలయ సంగీతము వ్రాసే పని దాదాపుగా లేక, ఆ అయిదారేండ్లు బాఖ్ ఫిడేలుకు, ఇతర వాద్యములకు వ్రాశాడు. ఒక తలుపు మూయబడినందువలన లోకమునకు దక్కిన సంగీతము అది.

మరొక ముచ్చట. మన ఊళ్లలో పిల్లలు ఇష్టముగా చప్పరించే తెల్లని హోమియో మాత్రలు ఉన్నాయే, ఆ వైద్యమును స్థాపించిన హానిమన్ గారు 1821 నుండి 1835 వరకు ఈ కోథెన్‌లోనే కాపురమున్నారు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది.

1వ సంవత్సరము కాదు, 1720

1720 వేసవిలో లియోపోల్డ్ ప్రభువు ఆరోగ్యముకొరకు కార్ల్స్‌బాద్ అనే వేడినీటి బుగ్గల ఊరికి వెళ్లాడు. బాఖ్‌ను వెంట తీసికొనిపోయాడు. ఇంటివద్ద భార్య మరియ బార్బరా, నలుగురు పిల్లలు. వారికి ముందటి యేడే పది నెలల పసివాడు చనిపోయాడు. జూలైలో బాఖ్ తిరిగివచ్చి గుమ్మములో అడుగుపెట్టేసరికి భార్య లేదు. మరణించి, సమాధి చేయబడింది కూడా. బయలుదేరినప్పుడు ఆమె ఆరోగ్యముగా ఉంది. అంత్యక్రియలు జూలై 7న జరిగినట్లు దేవాలయపు పుస్తకములో ఉంది. పెద్ద కుమారుడు విల్హెల్మ్ ఫ్రీడెమన్‌కు అప్పుడు తొమ్మిదేండ్లు.

అదే సంవత్సరపు అంకె వేసిన ఒక వ్రాతప్రతి నేడు బెర్లిన్ గ్రంథాలయములో ఉంది. ఫిడేలుకు ఆరు రచనలు, పక్కవాద్యము లేకుండా అని ఇటలీ భాషలో దాని పేరు. పైన వ్రాసిన 'సేయ్ సోలో' అనే రెండు మాటలకు 'ఆరు ఒంటరి రచనలు' అని అర్థము చెబుతారు. అయితే వ్యాకరణము ప్రకారము ఆ మాటలను 'నీవు ఒంటరివి' అని కూడ చదువవచ్చును. భార్య మరణమువల్లనే ఆ సంగీతము పుట్టిందని కొందరు కథ అల్లుతారు. కాగితము మీద ఉన్నది సంవత్సరము మాత్రమే, నెల లేదు. కథ లేకుండానే ఆ అంకె మనతో మాటలాడుతుంది.

గొర్రె పేగు, గుర్రపు వెంట్రుక

ఇప్పటి ఫిడేలుకూ ఆనాటి ఫిడేలుకూ తేడా ఉంది. ఆనాటి తీగలు గొర్రె పేగులను మెలిపెట్టి చేసినవి. గడ్డము ఆనించుకొనే చెక్క ఉండదు. అది సుమారు 1820లో వచ్చింది. కమాను కొంచెము బయటికి వంగి ఉంటుంది. గుర్రపు వెంట్రుకలే ఇప్పటికీ దానికి కడతారు. నాదము చిన్నది, కొంచెము గరుకు. మనిషి గొంతుకు దగ్గర. గాలిలో తేమ మారితే శ్రుతి తప్పుతుంది. నలభైమంది ఊపిరితో ఆ రాతి గది కాస్త తడి అయితే చాలు, వాయించే ఆమె ప్రతి భాగమునకు ముందు ఆగి, చెవి దగ్గర పెట్టి, తీగ సవరించుకొనేది. ఎవరూ విసుగుకొనలేదు.

మన దేశములో ఫిడేలు పాటగానికి పక్కన కూర్చుండే వాద్యము. మన విజయనగరపు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఆ పక్కవాద్యమునే నడుమ కూర్చుండబెట్టి ఒంటరి కచేరీ చేసి మెప్పించారు. ఐరోపాలో ఆ కాలపు ఫిడేలుకు క్రింద ఒక మంద్ర వాద్యము ఆధారముగా నిలిచేది. ఇంటికి దూలమువంటిది. ఆ దూలమును తీసివేస్తే ఇల్లు నిలుచునా? ఆనాటివారు అదే పరీక్షించారు. సాల్జ్‌బర్గ్‌లో బీబర్, డ్రెస్డెన్‌లో వెస్ట్‌హాఫ్, పీసెండెల్, హాంబర్గ్‌లో టెలెమన్ ఇలాగున తోడులేని ఫిడేలుకు వ్రాశారు. టెలెమన్ 1735లో పన్నెండు రచనలు వెలువరించాడు. బాఖ్ కుమారులలో ఒకనికి జ్ఞానతండ్రి ఆయనే.

ఒక్క ఫిడేలు నిలిచే విధానము ఇది. ఒక కథకుడే రాజు గొంతు, భటుని గొంతు, తల్లి గొంతు మార్చి మార్చి పలికితే మనకు ముగ్గురు కనబడతారు. అలాగే కమాను క్రింది తీగను ఒకసారి తాకి వెంటనే పై తీగకు దూకుతుంది. చెవి ఆ క్రింది స్వరమును విడువదు, పట్టుకొనే ఉంటుంది. కొన్నిచోట్ల రెండు తీగలు కలిసి పలుకుతాయి. రాతిగోడలు ప్రతి స్వరమును కొంతసేపు నిలిపి ఉంచుతాయి. వాయించేది ఒకరే అయినను మిగిలిన గొంతులను వినేవారు లోపల పూర్తిచేస్తారు. ఆ సంగీతమునకు శ్రోతలే పక్కవాద్యము.

మూడవ సాయంకాలము

మూడవ వారము ఆమె బాఖ్ రెండవ పార్టీటా వాయించింది. దాని కడపటి భాగమునకు షకోన్ అని పేరు. పావుగంట సేపు ఉంటుంది. నాలుగు కొలతల చిన్న వరుస ఒకటి అరవై సార్లకు పైగా, ప్రతిసారి ఒక కొత్త విధముగా తిరిగి వస్తుంది. ఆరంభించేముందు బయట కోతయంత్రము ఒకటి పెద్ద చప్పుడుతో పొలమునుండి వెళ్లుచున్నది. ఆమె కమాను దించి, అది మలుపు తిరిగేవరకు నిలుచుంది. అప్పుడు మొదలుపెట్టింది.

మొదట శోకము. మధ్యలో స్వరము మారుతుంది: ఏడ్చి ఏడ్చి అలసిన ఇంటిలో తెల్లవారుజామున ఎవరో కిటికీ తెరచినట్లు. ఆ వెలుతురులోనే ముగిస్తాడనుకొన్నాను. ముగించడు. మరల మొదటి శోకపు వరుసకే వచ్చి, దానిని చివరిదాకా నిలువబెట్టి, అక్కడ ఆపుతాడు. మరణము జరిగిన ఇంటికి వెళ్లి తొందరపడి ఓదార్పు మాటలు గుప్పించే అలవాటు మా పాదిరులకు ఉంది. ఈ సంగీతము ఆ పని చేయదు. దుఃఖమును దాచదు, దానిలో పడి మునిగిపోదు. లెక్క తప్పకుండా, వరుస విడువకుండా దాని గుండా నడుస్తుంది.

ముగిసిన తరువాత కొంతసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాదము కప్పు కింద ఆరిపోయేదాకా ఆగారు. బుట్టలో నాణెముల చప్పుడు వినబడుతుండగా పాదిరిగారు మీ సంఘములో ఎంతమంది వస్తారని నన్ను అడిగారు. నూట ఇరవైమంది అన్నాను. ఆయన కన్నులు మెరిశాయి. అయితే మా కీబోర్డు వాయించే తమ్ముడు ఉద్యోగమునకు హైదరాబాదు వెళ్లిన దినమునుండి మావారు పాడడానికే జంకుతున్నారని కూడ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మాకు ఆమె ఒక్కతే ఉంది. అందుచేత ఆమె పాడునప్పుడు మేము బాగుగా వింటాము" అన్నారు.

హాలెలో మన అక్షరములు

తిరుగు దారిలో హాలెలో ఆగాను. అక్కడ ఫ్రాంకె గారు స్థాపించిన అనాథశాల భవనములు నేటికీ నిలిచి ఉన్నాయి. మద్రాసులో తెలుగు నేర్చుకొని బైబిలు తర్జుమాకు పూనుకొన్న మిషనెరీ బెంజమిన్ షుల్జ్ గారు 1743లో మన దేశమును విడిచి ఈ ఊరు చేరారు. 1746, 1747 సంవత్సరములలో ఆయన ఇక్కడ తెలుగు పుస్తకములు అచ్చువేయించారు. తెలుగు అచ్చు పుస్తకములలో అవే మొదటివి. ఆ ఊరిలో ఆయనతో తెలుగు మాటలాడేవారు ఎవరుంటారు? అదియును తోడులేని స్వరమే.

అదే 1746లో హాలె మార్కెట్టు దేవాలయమునకు ఒక కొత్త ఆర్గను వాయిద్యకారుడు వచ్చాడు. ఆయన విల్హెల్మ్ ఫ్రీడెమన్ బాఖ్: తొమ్మిదేండ్లకు తల్లిని పోగొట్టుకొన్న కోథెన్ బాలుడే.

చిన్న సంఘములకు ఒక మాట

బాఖ్ ఫిడేలు రచనలు ఆయన బ్రతికి ఉండగా అచ్చు కాలేదు. 1802లో గాని వెలుగు చూడలేదు. తరువాత కూడ ఒంటరి ఫిడేలు సరిపోదని పెద్దలు తలంచారు. 1840లో లైప్‌జిగ్ కచేరీలో షకోన్‌కు మెండెల్సన్ పియానో తోడు కలిపాడు. షూమన్ ఆరింటికీ పియానో వ్రాశాడు. వారు గొప్పవారే, ప్రేమతోనే చేశారు. కాని నేడు లోకమంతట వినబడేది ఆ తోడులేని రూపమే.

ఇంకొకటి కూడ చెప్పాలి. మూడవ పార్టీటా మొదటి భాగమును బాఖ్ తానే 1731లో లైప్‌జిగ్‌లో ఆర్గనుకు మార్చి, బాకాలు, నగారాలు చేర్చి, పట్టణ పెద్దల కృతజ్ఞతారాధనలో వినిపించాడు. కాబట్టి వాద్యములు వద్దని నేను చెప్పడము లేదు. కీబోర్డు ఉంటే మంచిదే, మైకు ఉంటే మంచిదే. కాని అవి వచ్చినప్పుడు చేరుటకు ముందుగా ఒక పాట ఉండాలి గదా!

సౌలు కలత చెందినప్పుడు దావీదు చేతిలో ఉన్నది ఒక్క సితారా. చెరసాలలో పౌలు సీలలకు అదియును లేదు. మీ ఊరిలో తాటాకు కప్పు కింద, కరెంటు పోయిన రాత్రి, దీపము దగ్గర ఒక అమ్మ సన్నని గొంతుతో కీర్తన ఎత్తుకొంటే, సిగ్గుపడవద్దు, ఆమెను తొందరపెట్టవద్దు. మొదటి చరణము వినండి. రెండవ చరణమునకు పక్కవాద్యము మీరే.