చేటెడు నూక, చెంబెడు నీళ్లు



మా పాపకు ఏడాదిన్నర వయసప్పుడు, ఇంటి పని తెమలక దాని చేతికి సెల్‌ఫోన్ ఇచ్చేవాళ్లం. బొమ్మలు కొనే స్తోమత లేదని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. ఫోన్ చూస్తున్నంతసేపు కదలదు, పిలిస్తే పలకదు. టీకాకు తీసుకువెళ్లినప్పుడు నర్సమ్మగారు గమనించి, "రెండేళ్లు నిండేదాకా ఫోన్ వద్దమ్మా. ఈ వయసు పిల్లలు ముట్టుకుని, వాసన చూసి, చప్పుడు విని నేర్చుకుంటారు" అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో కూడా ఏడాది పిల్లలకు ఫోన్, టీవీ వద్దనే ఉంది.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మా నిర్లక్ష్యాన్ని ప్రభువు ముందు ఒప్పుకున్నాం. మర్నాడు ఇల్లు కలయజూస్తే, పైసా ఖర్చు లేని ఆటవస్తువులు ఎన్నో కనబడ్డాయి.

చేటలో నూక పోసి, పక్కన సోల, గిద్ద పెట్టాం. పాప పోసింది, ఒంపింది, వేలితో గీతలు గీసింది. ఆట అయ్యాక ఆ నూక కోళ్లకు వేశాం. గోధుమపిండి ముద్ద ఒకదానిలో పసుపు, ఇంకొకదానిలో బీట్‌రూట్ రసం కలిపి ఇస్తే, పిసికి పిసికి మురిసిపోయింది. దర్జీ దగ్గర మిగిలిన పట్టు, నూలు ముక్కలకు గోనెపట్టా ముక్క చేర్చి, "ఇది మెత్తన, ఇది గరుకు" అంటూ తాకించాం. కరివేపాకు, నిమ్మతొక్క నలిపి వాసన చూపించాం. ఎండపూట బేసిన్‌లో చెంబెడు నీళ్లు పోసి గ్లాసు ఇస్తే, దానికి అదే పండుగ!

అయితే ఒకరోజు పొరపాటు చేశాం. గిన్నెలో చింతగింజలు పోసి ఇచ్చి, ఎవరి పనికి వాళ్లం వెళ్లాం. తిరిగి వచ్చేసరికి ఒక గింజ ముక్కులో దూర్చుకుంది. తీయబోతే ఇంకా లోపలికి పోయింది. ఆటోలో పట్నానికి పరుగెత్తి, డాక్టరుగారు దాన్ని తీసేవరకు మా ప్రాణాలు మా దగ్గర లేవు. "మూడేళ్లలోపు పిల్లలకు గింజలు, పూసలు, నాణేలు ఇవ్వకండి. గొంతుకు అడ్డుపడితే ప్రాణానికే ముప్పు. ముక్కులో ఏదైనా ఇరుక్కుంటే మీరు కెలకవద్దు, వెంటనే తీసుకురండి" అని మందలించారు.

తల వంచుకుని విన్నాం. ఫోన్ తీసేశామే గాని, పాప పక్కన కూర్చోవడం ఇంకా నేర్చుకోలేదని మాకు అప్పుడు తెలిసింది. నాటినుండి పాప ఆడినంతసేపు మాలో ఒకరం పక్కనే ఉంటున్నాం. ఆట ముగియగానే బేసిన్‌లో నీళ్లు పారబోసి బోర్లిస్తున్నాం. కొద్ది నీళ్లైనా పసిబిడ్డకు ప్రమాదమే కదా! కొద్ది రోజులకు పాప పట్టుగుడ్డ మా చెంపకు ఆనించి "మెత్త" అన్నది. ఆ ఒక్క మాటకు దేవుని ఎంతగా స్తుతించామో!

యేసుప్రభువు చిన్నపిల్లలను దూరాన నిలబెట్టి దీవించలేదు. దగ్గరకు తీసుకుని, వారిమీద చేతులుంచి దీవించాడు. తల్లులారా, తండ్రులారా, చేట, నూక ప్రతి ఇంటా ఉన్నవే. పొలం నుండి వచ్చాక ఒక్క అరగంట బిడ్డ పక్కన కూర్చోండి. ఆ అరగంటకు సాటి వచ్చే బొమ్మ ఏ అంగడిలోనూ దొరకదు.

ప్రభువు మన బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.