కాలువ వెంట రావులపాలెం

విజయవాడ నుంచి విశాఖ వెళ్లే బస్సు సిద్ధాంతం దగ్గర వశిష్ఠను, కాసేపటికి జొన్నాడ దగ్గర గౌతమిని దాటుతుంది. ఆ రెండు గోదావరి పాయల నడుమ ఉన్న ఊరు రావులపాలెం. కోనసీమ ముఖద్వారం అని పేరు. అమలాపురం వైపు వెళ్లేవాళ్లు ఇక్కడ దిగి, టీ తాగి, ఇంకో బస్సెక్కుతారు. చుట్టూ ఉన్న ఊళ్లను చూసేందుకు ఆగేవాళ్లు తక్కువ. ఊరికి రైలు లేదు. చూడాల్సినవన్నీ హైవేకి దూరంగా, కాలువ గట్ల మీద ఉన్నాయి.

అందుకే ఇక్కడికి మడత సైకిలుతో రమ్మంటాను. జపానులో సైకిలును సంచిలో పెట్టుకుని రైలెక్కడం పాత అలవాటు. మన దగ్గర అది ఇంకా కొత్తే. పన్నెండు, పదమూడు కిలోల బరువుతో సీటు కిందో, బస్సు డిక్కీలోనో పట్టే బండి ఇది. దీనితో పెద్ద లాభం, వెళ్లిన దారినే తిరిగి రావాల్సిన పని లేకపోవడం. తొక్కినంత దూరం తొక్కి, అక్కడే మడిచి బస్సెక్కవచ్చు. డెల్టాలో ఎత్తుపల్లాలు లేవు. ఏటిగట్టు ఎక్కేచోట తప్ప గేరు మార్చే అవసరమే రాదు. ఎదురుగాలి ఒక్కటే కాస్త శ్రమ పెడుతుంది. గతుకుల గట్లకు పదహారు అంగుళాల చక్రం కంటే ఇరవై అంగుళాలది మేలు.

రాజమండ్రిలో రైలు దిగి ధవళేశ్వరం చేరండి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు ఆయన పేరుతోనే బ్యారేజి ఉంది. నాలుగు భాగాలు, 175 గేట్లు. ధవళేశ్వరం, ర్యాలి భాగాలు దాటితే బొబ్బర్లంక. మధ్య డెల్టా ప్రధాన కాలువ పుట్టేది ఇక్కడే. ఆ కాలువ వెంట రోడ్డు ఆత్రేయపురం, లొల్ల మీదుగా రావులపాలెం వస్తుంది. నీరు పారే వైపే మన ప్రయాణం కూడా. కారులో అరగంట పట్టే ఈ దారికి నేనైతే ఒక పూట కేటాయిస్తాను. రేవు మెట్ల మీద బట్టలుతికేవాళ్లు, కాలువలోంచి చేలల్లోకి తిరిగే బోదెలు, కొబ్బరి తోటల్లో అంతరపంటగా అరటి, కోకో అన్నీ సైకిలు వేగానికే సరిగ్గా కనిపిస్తాయి.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనడం కాదు, తీయడం చూడాలి. బోర్లించిన కుండ కింద కట్టెల మంట. పలచటి గుడ్డను బియ్యం పిండి నీళ్లలో ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతారు. రెప్పపాటులో కాగితం కంటే పలచటి రేకు లేస్తుంది. నెయ్యి, పంచదార లేదా బెల్లం పొడి తర్వాతి పని. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు వెనక పొయ్యి వేడి ముందు రోజంతా కూర్చునే ఆడవాళ్ల చేతులున్నాయి. పెట్టె మీద ధర చూసి బేరమాడేముందు ఆ పొయ్యి దగ్గర పది నిమిషాలు నిలబడండి.

లొల్ల దగ్గర తప్పకుండా ఆగాలి. ప్రధాన కాలువ ఇక్కడ చీలి అమలాపురం వైపు, గన్నవరం వైపు సాగుతుంది. ఇక్కడి లాకులంటే సినిమా పాటల్లో కనిపించే చోటని చాలామందికి తెలుసు. వాటి అసలు పని పడవలను దాటించడం. రెండు తలుపుల మధ్య రాతి తొట్టి. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసేవారు. నీటిని అవతలి మట్టానికి తెచ్చి ముందు తలుపు తెరిచేవారు. రోడ్లు బాగుపడకముందు కోనసీమ ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు ఇలాగే కదిలారు. ఇంత గొప్ప కాలువ గట్టున ఊరూరా చెత్త పోస్తుంటే మనసు కలుక్కుమంటుంది. ఈ గట్ల మీద నీడనిచ్చే చెట్లతో సైకిలు బాట వేస్తే రాష్ట్రంలో దానికి సాటి ఉండదు.

ఈ చుట్టుపక్కలే ఉన్న వాడపల్లి వెంకన్న దర్శనానికి శనివారం వెళ్లకండి. ఆ రోజు ఏడు శనివారాల మొక్కులతో వచ్చేవాళ్ల వాహనాలతో రోడ్డు నిండిపోతుంది. ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడి ప్రశాంతంగా ఉంటుంది. ఒకే రాతిలో ముందు విష్ణువు, వెనక మోహిని. జడ ముడితో సహా చెక్కిన ఆ వెనక వైపును చూపించాకే అర్చకులు పంపుతారు.

తెల్లవారగానే రావులపాలెం అరటి మార్కెట్‌కు వెళ్లండి. ఈ ఊరి అసలు సైకిళ్లు అక్కడున్నాయి. క్యారియరుకు, కడ్డీకి, రెండు పక్కలా గెలలు కట్టేస్తే తొక్కేందుకు చోటుండదు. లంకల నుంచి రైతు సైకిలును నడిపించుకుంటూ వస్తాడు. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, బొంత గెలలు నేల మీద వరసగా నిలబెడతారు. బేరం కిలోకి కాదు, గెలకి. ఇక్కడి నుంచి లారీలు ఒడిశా, తమిళనాడు దాకా వెళ్తాయి. గాలివాన వస్తే అరటి ఒక్క రాత్రిలో నేలకొరుగుతుంది. 1996 నవంబరు తుపాను చూసిన తరం ఆ మాట ఇప్పటికీ చెబుతుంది. అలాంటి పంటను సైకిలు మీద మార్కెట్ దాకా చేర్చే ఓపిక ముందు మన మడత సైకిలు ప్రయాణం చాలా తేలిక.

ఉగాది రోజుల్లో వస్తే రావులపాలెంలో సీఆర్‌సీ కాటన్ కళాపరిషత్తు నాటిక పోటీలు చూడొచ్చు. కాలువలు నిండుగా చూడాలంటే మాత్రం వేసవి వద్దు, అప్పుడు నీళ్లు కట్టేస్తారు. వరదల నెలలూ వద్దు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన నది ఇది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలు. జొన్నాడ, సిద్ధాంతం వంతెనల మీద లారీల మధ్య తొక్కే సాహసం చేయకండి. రావులపాలెం సెంటర్లోనే సైకిలు మడవండి. అటు రాజమండ్రికి, ఇటు తణుకుకు బస్సులు వస్తూనే ఉంటాయి.