దొంతి లెక్క

పాత ఆదిలాబాదు జిల్లా లక్సెట్టిపేటలో నేను తెలుగు పండితుడిగా పనిచేసిన కాలంలో మాతో ఒక లెక్కల మాస్టారుండేవారు. అమెరికాలోని తమ్ముడు పంపిన హెచ్‌.పి. 12సి కాలిక్యులేటరు ఆయన చొక్కా జేబును విడిచేది కాదు. ఒకనాడు దానిని నా చేతికిచ్చి రెండూ మూడూ కూడమన్నారు. ఎంత వెదకినా సమానం గుర్తు మీట కనబడలేదు. "పంతులుగారూ, ఇది తెలుగు యంత్రమండీ, క్రియ చివరన వస్తుంది" అని నవ్వారు. పదిమంది ఎదుట నా భాషను వేళాకోళం చేశారనిపించి, యంత్రాన్ని బల్లమీద పెట్టి లేచి వచ్చేశాను. ఆయన మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. నేనూ అడగలేదు.

నిరుడు ఆయన కాలం చేశారు. కర్మకాండ ముగిశాక ఆయన కుమారుడు కరీంనగరులోని మా ఇంటికి వచ్చి, "నాన్న మీకిమ్మన్నారు" అని ఆ యంత్రమే ఇచ్చి వెళ్ళాడు.

పుస్తకం దగ్గర పెట్టుకొని నెలరోజులు సాధన చేశాను. దీని కీలకమంతా దొంతిలో ఉన్నది. మన ఇండ్లలో కుండమీద కుండ పేర్చిన దొంతి ఎరుగని వారుండరు; చివర పెట్టినదే ముందు తీయవలె. యంత్రంలోని దొంతికి నాలుగే కుండలు. పైది ఎక్స్‌, తెరమీద కనబడేది అదొక్కటే. దాని క్రింద వై, జడ్‌, టి. (పుస్తకంలో బొమ్మను తలక్రిందులుగా వేసి ఎక్స్‌ను అడుగున చూపారు. నాకు కుండల అలవాటే సుఖం.) మూడు నొక్కి ఎంటర్‌ మీట నొక్కితే మూడు వై లోనికి దిగుతుంది. నాలుగు నొక్కి కూడిక గుర్తు నొక్కితే పై రెండూ కలిసి ఏడు ఎక్స్‌లో నిలుస్తుంది. ఇప్పుడు ఐదు నొక్కగానే ఏడు తనంతట తానే క్రిందికి జరిగి కూర్చుంటుంది. ఎంటర్‌, ఆరు, కూడిక: పదకొండు. హెచ్చవేత గుర్తు: డెబ్బైయేడు. కుండలీకరణాల పనే లేదు. "మూడూ నాలుగూ కూడు, ఐదూ ఆరూ కూడు, ఆ రెంటినీ హెచ్చవేయి" అని మన నోట వచ్చే వరుస ఇదే గదా! మాస్టారు వేళాకోళం చేయలేదు. ఉన్నమాట చెప్పారు.

గుర్తును అంకెలకు ముందుంచే పద్ధతిని 1924లో పోలండు తర్కశాస్త్రజ్ఞుడు యాన్‌ వుకాషెవిచ్‌ కల్పించారు. దానిని త్రిప్పి గుర్తును చివరకు తెచ్చినదే ఈ పద్ధతి. హెచ్‌.పి. వారు 1972లో తమ 35వ నమూనాలో, 1981లో ఈ 12సిలో దానినే వాడారు.

దొంతికి ఒక నిర్దయ కూడా ఉన్నది. అయిదవ అంకె వస్తే అడుగునున్న టి లోని అంకె చడీచప్పుడు లేకుండా పోతుంది.

మరొక సంగతి పుస్తకంలో ఆలస్యంగా చదివాను. యంత్రాన్ని ఆపివేసినా దొంతి చెదరదట. మొదటిరోజు మీట నొక్కగానే తెరమీద 41,250.00 అని ఉండెను. నేను పట్టించుకోక రెండు నొక్కి, కూడిక నొక్కాను. 41,252.00 వచ్చింది. యంత్రం చెడిందనుకొని తోచిన అంకెలన్నీ కొట్టాను. దొంతిని త్రిప్పి చూపే మీట ఒకటున్నదని తెలిసేసరికి క్రింది మూడు కుండలలో నా అంకెలే ఉన్నాయి.

ఆ మొత్తం దేనిదో కుమారుణ్ణి అడిగితే తనకూ తెలియదన్నాడు. 41,250 అని చీటీమీద వ్రాసి యంత్రపు సంచిలో పెట్టాను.