ముందు కథ వెనక వస్తే

ఈ పూట 'స్టార్ వార్స్' కబుర్లు చెప్పుకుందాం. ఈ సినిమాలంటే ప్రాణం పెట్టేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే పావుగంట తిరక్కుండా ఒక పేచీ మొదలవుతుంది. 1999 నుంచి 2005 దాకా వచ్చిన మూడు ప్రీక్వెల్స్, అంటే ముందుకథలు, మంచివా, కావా? పాత సినిమాలను చిన్నప్పుడు హాల్లో చూసినవాళ్లు పెదవి విరుస్తారు. కొత్తవాటిని చిన్నప్పుడు చూసినవాళ్లు చొక్కా చేతులు పైకి మడుస్తారు. రెండు పక్షాలవాళ్లూ నాకు కావలసినవాళ్లే. అందుకే ఈ తగువు గురించి తీరిగ్గా మాట్లాడాలనిపించింది.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1977 మే 25న అమెరికాలో 32 హాళ్లలో మొదటి సినిమా విడుదలైంది. ఎడారి గ్రహంలో పొలం పనులు చేసుకునే లూక్ అనే కుర్రాడు, ఒక రాకుమారి, నల్ల ముసుగు వేసుకున్న డార్త్ వేడర్ అనే క్రూరుడు. 1980లో వచ్చిన రెండో సినిమాలో ఆ క్రూరుడే లూక్ కన్నతండ్రి అని తెలుస్తుంది. 1983లో మూడోది. కొడుకు చూపిన దయకు తండ్రి మనసు మారి, ముసుగు తీయించుకుని కన్నుమూస్తాడు. కథ అయిపోయింది. ఆ తరవాత 16 ఏళ్లకు, ఈ కథను సృష్టించిన జార్జ్ లూకాస్ వెనక్కి వెళ్లి, అసలు ఆ మనిషి అలా ఎందుకయ్యాడో చెప్పడం మొదలుపెట్టాడు. 1999లో 'ది ఫాంటమ్ మెనేస్', 2002లో 'అటాక్ ఆఫ్ ది క్లోన్స్', 2005లో 'రివెంజ్ ఆఫ్ ది సిత్' వచ్చాయి. మూడింటికీ దర్శకుడు ఆయనే.

ఆ 16 ఏళ్లలో ఏం జరిగిందన్నదే ఈ గొడవకంతటికీ మూలం. మొదటి సినిమాలో ఒక సన్నివేశం ఉంది. అలెక్ గిన్నిస్ వేసిన ముసలి ఓబీ-వాన్ తన ఇంట్లో కూర్చుని మాట్లాడుతుంటాడు. లూక్ ఎదురుగా కూర్చుని, ఊడిపోయిన రోబో చెయ్యి బాగుచేస్తూ వింటుంటాడు. మీ నాన్న గొప్ప పైలట్, నేర్పరి యోధుడు, నాకు మంచి స్నేహితుడు అంటాడు ముసలాయన. క్లోన్ యుద్ధాల ప్రస్తావన పైపైన వస్తుంది. పాత రోజుల గురించి ప్రేక్షకుడికి దక్కినది దాదాపు అంతే. ఆ నాలుగు మాటలూ పట్టుకుని ఒక తరం పిల్లలు ఇళ్లల్లో, పెరళ్లలో, నిద్రపోయే ముందు దుప్పటి కింద సొంత సినిమాలు తీసుకున్నారు. అలా మనసులో తీసుకున్న సినిమాకు బడ్జెట్ ఉండదు, బలహీనమైన డైలాగు ఉండదు, నచ్చని నటుడు ఉండడు. ఏ దర్శకుడైనా దానితో పోటీపడి నెగ్గడం సాధ్యమా చెప్పండి!

ఎదురుచూపులు కూడా అలాగే ఉండేవి. 1998 నవంబరులో ఫాంటమ్ మెనేస్ ట్రైలర్ వేస్తున్నారని తెలిసి, ఇంకేదో సినిమాకు టికెట్ కొనుక్కుని, ట్రైలర్ అవగానే లేచి వచ్చేసినవాళ్లున్నారు. హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్ ముందు విడుదలకు వారాల ముందే లైను కట్టారు. 1977లో పదేళ్లవాళ్లు అప్పటికి 30 దాటినవాళ్లు. తమ పదేళ్ల వయసును తిరిగి తెచ్చుకుందామని వెళ్లారు. తెర మీద తొమ్మిదేళ్ల అనకిన్, అంటే ముందు ముందు వేడర్ కాబోయే పసివాడు, కనిపించాడు. వ్యాపార పన్నుల తగాదా వచ్చింది. చెవులు వేలాడేసుకుని తడబడుతూ తిరిగే జార్ జార్ బింక్స్ వచ్చాడు. వాళ్ల గుండె జారిపోయింది.

వాళ్ల ఫిర్యాదుల్లో నిజం లేకపోలేదు. అటాక్ ఆఫ్ ది క్లోన్స్‌లో ప్రేమ సన్నివేశాల సంభాషణలు బిగుసుకుపోయి ఉంటాయి. నన్ను ఎక్కువ బాధపెట్టింది మిడిక్లోరియన్ల సంగతి. పాత సినిమాల్లో 'ఫోర్స్' అన్నది అంతటా నిండిన శక్తి. మనసు నిలిపితే పొలంలో పనిచేసే కుర్రాడికైనా అందుతుంది. ఫాంటమ్ మెనేస్‌లో అనకిన్ రక్తం తీసి పరీక్షచేసి, మిడిక్లోరియన్లనే సూక్ష్మజీవులు ఇతనిలో లెక్కకు మించి ఉన్నాయి కాబట్టి ఇతను అసాధారణుడని తేలుస్తారు. కళ్లు మూసుకుని చెయ్యి చాపి, బల్ల మీది గ్లాసు కదులుతుందేమోనని చూసిన ప్రతి పిల్లవాడికీ ఆ ఒక్క సన్నివేశం అన్యాయం చేసింది. ఇది పెద్ద తప్పే.

కానీ క్రూరుణ్ణి పసివాడిగా చూపించడం తప్పంటే మాత్రం నేను ఒప్పుకోను. మన భాగవతంలో జయవిజయుల కథ గుర్తు తెచ్చుకోండి. హిరణ్యకశిపుడు, రావణుడు, శిశుపాలుడు మహా దుర్మార్గులని చిన్నప్పటి నుంచీ విన్నాం. వాళ్లు ఒకప్పుడు వైకుంఠ ద్వారం దగ్గర నిలబడిన సేవకులని, సనకాదుల శాపంతో కిందికి వచ్చారని తెలిశాక ఆ వధలన్నీ మన కళ్లకు వేరుగా కనిపించడం లేదూ? శత్రువు చావులో అతని విముక్తి కనిపిస్తుంది. కథలో ఒక్క సంఘటన మారకుండానే దాని బరువు మారిపోతుంది. అనకిన్ ఎడారిలో బానిసగా పెరిగాడు. తొమ్మిదేళ్లకు తల్లిని ఆ బానిసత్వంలోనే వదిలి వెళ్లాడు. పెద్దవాడై తిరిగొచ్చేసరికి ఆమె అతని చేతుల్లోనే ప్రాణం విడిచింది. ఈ సంగతులు తెలిశాక 1983 సినిమాలో ముసుగు తొలగే క్షణం చూడండి. ఆ పాలిపోయిన ముఖంలో ఆ తొమ్మిదేళ్లవాడు కనిపిస్తాడు. అందరూ వెక్కిరించే ఇసుక డైలాగునూ ఈ కోణంలోంచి వినండి. ఇసుకంటే తనకు పడదని తాను ప్రేమించిన పద్మేతో అంటాడు. ఇసుకంటే అతనికి బానిస బతుకు. ఆ మాటలో ఉన్న నొప్పి నిజమైనదే.

ఇక 1999లో ఏడెనిమిదేళ్ల పిల్లల సంగతికి వద్దాం. వాళ్లకు మనసులో ముందే తీసుకున్న సినిమా లేదు. తెర మీద ఏముందో అదే చూశారు. రెండువైపులా వెలిగే కత్తితో డార్త్ మాల్ కనిపించగానే కుర్చీ అంచుకు జరిగారు. పాడ్ రేసు చూశారు. ఆ రేసును ఈసారి కళ్లతో కాక చెవులతో చూడండి. చాలాసేపు సంగీతమే ఉండదు, ఇంజన్ల మోతే సంగీతం. శబ్దాల మాంత్రికుడు బెన్ బర్ట్ ఒక్కో బండికి ఒక్కో గొంతు ఇచ్చాడు. ఒకటి గుర్రుమంటుంది, ఒకటి కీచుమంటుంది, ఇంకొకటి దడదడలాడుతుంది. పేరు చెప్పకపోయినా ఏ బండి వస్తోందో పోల్చుకోవచ్చు.

ఆ పిల్లలు పెద్దయ్యారు. అప్పుడు విసుగనిపించిన సెనేట్ గొడవలు ఇప్పుడు అర్థమయ్యాయి. ఒక చిన్న గ్రహం మీద దిగ్బంధం సాకుతో పాల్పటీన్ అనే సెనేటర్ ఛాన్సలర్ అవుతాడు. యుద్ధం సాకుతో అత్యవసర అధికారాలు పొందుతాడు. ఆ అధికారాలు ఇవ్వాలని సభలో ప్రతిపాదించింది ఎవరనుకుంటున్నారు? జార్ జార్ బింక్స్! ఎవరికీ హాని తలపెట్టని అమాయకుడి నోటితోనే ప్రజాస్వామ్యానికి ఉరి వేయించాడు లూకాస్. మూడో సినిమాలో పాల్పటీన్ సామ్రాజ్యం ప్రకటిస్తుంటే సభ్యులు చప్పట్లు కొడతారు. పిల్లల సినిమాలో ఇంత రాజకీయం చెప్పడానికి ధైర్యం కావాలి.

ఆ మూడో సినిమా 'రివెంజ్ ఆఫ్ ది సిత్' అంటే నాకున్న ఇష్టాన్ని దాచుకోను. సాయంత్రం అవుతుంటుంది. మహానగరానికి ఒక పక్క జెడై యోధుల మందిరంలో అనకిన్ ఒంటరిగా నిలబడి కిటికీలోంచి చూస్తుంటాడు. ఇంకో పక్క తన ఇంట్లోంచి పద్మే చూస్తుంటుంది. వాళ్ల మధ్య ఎర్రబడిన ఆకాశం, బారులు తీరిన వాహనాలు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడరు. నేపథ్యంలో సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ ఒక ఆడగొంతును సన్నగా వదిలిపెడతాడు. అనకిన్ చెంప మీద కన్నీటి చుక్క జారుతుంది. అతను ఏం చెయ్యబోతున్నాడో మనకు తెలుసు. వద్దు, ఆగు అని అరవాలనిపిస్తుంది. సంభాషణలు రాయడం రాదని ఈ దర్శకుణ్ణి ఎగతాళి చేసినవాళ్లు ఈ సన్నివేశాన్ని మళ్లీ చూడాలి.

ముగింపు తెలిసిన కథలో ఉత్కంఠ ఏముంటుందని అడుగుతారు కదా. సీతమ్మ తిరిగొస్తుందని తెలిసే రామాయణం వింటాం. తెలిసిన కథలో 'ఏమవుతుంది' పోయి 'ఎందుకు' మిగులుతుంది. ప్రీక్వెల్ బలం ఆ ఎందుకులోనే ఉంది. స్టార్ వార్స్ లోకంలోనే వచ్చిన 'రోగ్ వన్' (2016) నాయకుడు కాసియన్ చనిపోతాడని తెలిసే అతని ముందు కథగా 'ఆండోర్' సీరీస్ (2022, 2025) చూశాం. తప్పించుకోవడం తప్ప వేరే ఆలోచన లేని మనిషి ప్రాణమిచ్చే స్థితికి మెట్టు మెట్టుగా ఎలా ఎదిగాడో అందులో ఉంది. దీనికి భిన్నమైన ఉదాహరణ 'ప్రొమీథియస్'. 1979లో వచ్చిన 'ఏలియన్'లో పాడుబడిన నౌకలో కుర్చీకి అతుక్కుపోయిన ఒక మహాకాయుడి శవం కనిపిస్తుంది. ఎవరో చెప్పరు. ఆ తెలియకపోవడమే వెన్నులో వణుకు. 2012లో అదే దర్శకుడు రిడ్లీ స్కాట్ ఆ జాతి గుట్టు విప్పాడు. దృశ్యాలు అద్భుతంగా ఉన్నా వణుకు తగ్గింది. మనిషి ఎందుకు మారాడో చెప్పే ముందుకథ కథను పెంచుతుంది. రహస్యానికి సమాధానం మాత్రమే చెప్పే ముందుకథ కథను కుదిస్తుంది. నా కొలబద్ద ఇదే.

పాత అభిమానుల పక్షాన ఒక మాట గట్టిగా చెప్పాలి. 1997లో పాత మూడు సినిమాలనూ కొత్త గ్రాఫిక్స్‌తో మార్చి విడుదల చేశారు. మొదటి సినిమాలో, మద్యశాలలో హాన్ సోలో అనే పైలట్ ముందుగా కాల్చే దృశ్యాన్ని మార్చి, ఎదుటివాడు ముందు కాల్చినట్టు చేశారు. 2004 డీవీడీలో 1983 సినిమా చివర కనిపించే తండ్రి ఆత్మగా సెబాస్టియన్ షా స్థానంలో, ప్రీక్వెల్స్‌లో పెద్ద అనకిన్‌గా నటించిన హేడెన్ క్రిస్టెన్‌సెన్‌ను పెట్టారు. ఇక్కడ అభిమానుల కోపం న్యాయమైనది. కొత్త కథ చెప్పే స్వేచ్ఛ దర్శకుడిది. కానీ జనం పాతికేళ్లు గుండెల్లో పెట్టుకున్న 1977 సినిమాను, 1989లోనే అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాకెక్కిన సినిమాను, పుట్టిన రూపంలో అందుబాటులో ఉంచాలి. కొత్త కూర్పు పక్కనే పాతదీ ఉంటే ఎవరికీ పేచీ ఉండేది కాదు.

అయితే ఆ రోజుల్లో కొందరు అభిమానులు ఇంకో మాట కూడా అన్నారు, మా బాల్యాన్ని పాడుచేశారని. ఇక్కడ నేను వాళ్లతో విభేదిస్తాను. పసి అనకిన్‌గా నటించిన జేక్ లాయిడ్‌కు షూటింగప్పుడు ఎనిమిదేళ్లు. బడిలో తోటిపిల్లలు తనను చూడగానే లైట్‌సేబర్ అనే వెలిగే కత్తి చప్పుళ్లు చేస్తూ ఏడిపించేవారని పెద్దయ్యాక చెప్పాడు. నటన మానేయడానికి కారణం ఈ విమర్శలు కాదని అతని తల్లి తరవాత స్పష్టం చేసింది. అయినా ఒక పసివాడు అలాంటి రోజులు గడపాల్సి రావడం మనసును కలచివేస్తుంది. జార్ జార్‌గా నటించిన అహ్మద్ బెస్ట్ మీద కురిసిన ద్వేషం ఎంతటిదంటే, ఒక దశలో ప్రాణం తీసుకోవాలనుకున్నానని 2018లో తానే చెప్పాడు. ప్రీక్వెల్స్ తరవాత వచ్చిన సినిమాల్లో నటించిన కెల్లీ మరీ ట్రాన్‌కూ ఇలాంటి ద్వేషమే ఎదురైంది. సినిమా నచ్చకపోతే నచ్చలేదని గొంతెత్తి చెప్పండి, ఏ సన్నివేశం ఎందుకు కుదరలేదో గంటలకొద్దీ వాదించండి. మన బాల్యం మీద ప్రేమతో ఇంకొకరి బాల్యాన్ని తొక్కడం మాత్రం క్షమించరానిది.

కాలం ఈ గాయాలను కొంత మాన్పింది. 2019లో చికాగోలో ఫాంటమ్ మెనేస్ ఇరవయ్యేళ్ల వేడుకలో అహ్మద్ బెస్ట్ వేదిక మీదికి రాగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 2023లో 'ది మాండలోరియన్' సీరీస్‌లో గ్రోగూ అనే పసివాణ్ణి కాపాడే జెడైగా ఆయన తెర మీదికి వచ్చాడు. క్రిస్టెన్‌సెన్ 2022లో మళ్లీ వేడర్ అయ్యాడు. 2025 ఏప్రిల్‌లో రివెంజ్ ఆఫ్ ది సిత్‌ను ఇరవయ్యేళ్ల సందర్భంగా హాళ్లలో వేస్తే, అమెరికాలో ఆ వారాంతపు వసూళ్లలో రెండో స్థానంలో నిలిచింది. ఆ టికెట్లు కొన్నవాళ్లలో చాలామంది ఒకప్పటి ఆ ఏడెనిమిదేళ్ల పిల్లలే అయి ఉంటారు.

మరి మీ పిల్లలకు ఏ వరసలో చూపిస్తారు? కథా క్రమమంటే మొదట ఫాంటమ్ మెనేస్ అవుతుంది. నా సలహా మాత్రం విడుదలైన వరసే. ముందే ప్రీక్వెల్స్ చూసేస్తే వేడరే తండ్రి అన్న పిడుగు వాళ్ల మీద పడదు. ఆ పిడుగు పడే హక్కు ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ ఉంది. చూస్తున్నంతసేపూ పక్కనే కూర్చోండి. ఇది గొప్పది, అది చెత్త అని ముందే చెప్పకండి. వాళ్లకు జార్ జార్ నచ్చితే నచ్చనివ్వండి. సినిమా అయ్యాక ముందు వాళ్లను మాట్లాడనిచ్చి, ఆ తరవాతే మీ ఇష్టాలు చెప్పండి. ఇరవయ్యేళ్ల తరవాత ఎవరైనా ఆ సినిమాలను వెక్కిరిస్తే వాళ్ల తరఫున వాదించేది ఈ పిల్లలే.